కిరాయి సాక్షులు

"మీ సైటు చూశాం, చాలా బాగుంది. నెల తిరిగేలోపు వంద లంకెలు కట్టిపెడతాం, శోధనలో మొదటి పుటకు చేరుస్తాం" అంటూ వచ్చే ఉత్తరాలు మనందరికీ పరిచయమే. ఆ ఉత్తరం పంపినవాడికి తెలుగు రాదు. బాగుందని తాను మెచ్చుకున్నది దేన్నో అతనికే తెలియదు. ఇంతకాలం నవ్వుకుని పక్కన పడేస్తూ వచ్చాం. అయితే ఈమధ్య కొందరు మిత్రులు ఆ బేరం గురించి నిజంగానే ఆలోచిస్తున్నట్టు మాటల్లో తెలుస్తోంది. "అందరూ చేస్తున్నదే కదా, మనం చేస్తే తప్పేమిటి?" అన్నది వారి ప్రశ్న.

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. నెలల తరబడి గ్రంథాలయాల్లో కూర్చుని, నలుగురు పెద్దలను కలిసి రాసుకున్న వ్యాసం శోధన ఫలితాల్లో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. దాన్ని ఎత్తి అతికించుకున్న పుట పైన వెలుగుతుంటుంది. అప్పుడు ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటకు మందు లంకెలు కొనుక్కోవడమేనా అన్నదే ఈ టపాలో చర్చ. నా అభిప్రాయం ముందే చెబుతాను. లంకె అంటే సాక్ష్యం. కొన్న సాక్ష్యం నిలవదు. అయితే చెప్పవలసిన సాక్ష్యం చెప్పకుండా నోరు కట్టుకోవడం కూడా అంతే తప్పు. తెలుగులో రాసేవారిలో ఈ రెండో తప్పే ఎక్కువ.

అసలు లంకెకు ఆ విలువ ఎక్కడినుంచి వచ్చింది? కొలచాల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, ఒక పదానికి అర్థం చెప్పగానే "ఇత్యమరః" అని చేరుస్తాడు. ఇది నా సొంత మాట కాదు, అమరకోశంలో ఉంది, కావాలంటే వెళ్లి చూసుకోండి అని దాని భావం. ఆ చిన్న మాట ఒక లంకె. దాన్ని పట్టుకుని చదువరి మరో గ్రంథానికి వెళ్లగలడు. అమరసింహుడు మల్లినాథుడికి పైకం ఇవ్వలేదు, ఇవ్వడానికి ఇద్దరి మధ్యా శతాబ్దాల ఎడముంది. అందుకే ఆ సాక్ష్యానికి విలువ. పండితుల వాడుకలో ఎవరి మాట ఎక్కువగా ఉదహరింపబడితే ఆ గ్రంథం ప్రామాణికమవుతూ వచ్చింది.

ఆధునిక విజ్ఞానలోకం ఇదే పద్ధతిని లెక్కల్లోకి దించింది. ఏ పరిశోధన పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో తెలిపే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించాడు. 1990ల చివర స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఆ ఆలోచనను అంతర్జాలానికి అన్వయించారు. 1998లో వారు ప్రకటించిన పత్రంలో దాన్ని వివరించారు, ఆ సంవత్సరమే గూగుల్ సంస్థ పుట్టింది.

వారి లెక్కలో ఒక ఊహా పాఠకుడున్నాడు. అతను ఒక పుట తెరుస్తాడు, అందులో ఏదో ఒక లంకె పట్టుకుని మరో పుటకు పోతాడు, అక్కణ్ణుంచి ఇంకో పుటకు. నూటికి 85 సార్లు ఇలా లంకెల వెంట నడుస్తాడు, తక్కిన 15 సార్లు విసుగెత్తి సంబంధం లేని మరేదో పుట తెరుస్తాడు. ఇలా అంతులేకుండా తిరిగితే అతను ఏ పుటకు ఎన్నిసార్లు చేరుతాడన్నదే ఆ పుట విలువ. కనుక లంకెల సంఖ్య ఒక్కటే చాలదు, అవి ఎవరి నుంచి వస్తున్నాయన్నది కూడా లెక్కకొస్తుంది. పదిమంది సాక్ష్యమిచ్చిన పుట తాను మరొకదానికి సాక్ష్యమిస్తే ఆ మాటకు బరువెక్కువ. అదే పుట నూరుగురికి లంకెలిస్తే ఆ బరువు నూరు వాటాలవుతుంది.

ఈ పద్ధతికి ఆధారం ఒక నమ్మకం. లంకె ఇచ్చినవాడు తన ఇష్టం కొద్దీ ఇచ్చాడన్నదే ఆ నమ్మకం. లంకెకు ధర పలుకుతుందని తెలియగానే అది కదిలిపోయింది. మొదటి దెబ్బ తగిలింది మనలాంటివారి వ్యాఖ్యల పెట్టెలకే. టపాకు సంబంధం లేని మందుల దుకాణాల లంకెలూ జూదశాలల లంకెలూ వరదలా వచ్చిపడ్డాయి. దానికి విరుగుడుగా 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ సంస్థలు కలిసి "నోఫాలో" అనే గుర్తును తెచ్చాయి. "ఈ లంకె నా పుటలో ఉంది గాని దీనికి నా పూచీ లేదు" అని యంత్రానికి చెప్పడమే దాని పని. 2007 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా తన వెలుపలి లంకెలన్నిటికీ ఆ గుర్తు తగిలించింది. ఇంత జరిగినా "చక్కటి టపా" అని రాసి కింద చెప్పుల దుకాణం లంకె తగిలించేవారు నేటికీ వస్తూనే ఉన్నారు. వారి ఓపికకు మెచ్చుకోవలసిందే.

పెద్దవాళ్ల కథ ఇంకా విచిత్రమైనది. అమెరికాలో జె. సి. పెన్నీ అని పేరుమోసిన దుకాణాల సంస్థ ఉంది. 2010 చివర, పండుగల కొనుగోళ్ల కాలంలో, గౌన్లు, పక్కబట్టలు, తివాచీలు, ఏ మాట వెతికినా గూగుల్లో ఆ దుకాణమే ముందు కనిపించేది. సాంసొనైట్ పెట్టెల కోసం వెతికినా సాంసొనైట్ సొంత సైటు కంటే పైన పెన్నీ ఉండేది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక నిపుణుడి చేత దీని వెనుక మర్మం వెతికించింది. రెండు వేలకు పైగా పుటల్లో పెన్నీకి లంకెలు బయటపడ్డాయి. అణు ఇంజనీరింగు పేరుతో ఉన్న సైటు అడుగున "నల్ల గౌన్లు" అని ఒక లంకె. జూదం సైటులో సాయంత్రపు గౌన్ల లంకె. బల్గేరియాలో ఇళ్లస్థలాలు అమ్మే సైటులో విందు గౌన్ల లంకె. బల్గేరియాలో స్థలం కొనబోయేవాడికి అమెరికా దుకాణంలోని గౌనుతో ఏం పని?

విషయం గూగుల్ చెవిన పడింది. 2011 ఫిబ్రవరి 9వ తేదీ సాయంత్రం 7 గంటలకు సాంసొనైట్ పెట్టెల శోధనలో పెన్నీది మొదటి స్థానం. 9 గంటలకు 71వ స్థానం. 12వ తేదీన ఈ కథంతా పత్రికలో వచ్చింది. ఆ లంకెల సంగతి తమకు తెలియదని సంస్థ చెప్పుకుంది, ఆ పని చూస్తున్న సలహాదారులను తొలగించింది. దశాబ్దాల పేరున్న పెద్ద దుకాణం కనుక తట్టుకుంది. ఉన్నదంతా ఒక్క సైటే అయిన చిన్నవాడికి ఆ రెండు గంటలు చాలు మునిగిపోవడానికి.

ఇది డబ్బున్నవారి కథ, మనకేమిటి అనుకోకండి. 2013 డిసెంబరులో ర్యాప్ జీనియస్ అనే పాటల సైటు బ్లాగరులతోనే బేరం పెట్టింది. మీ టపాలో మా పాటల పుటలకు లంకెలు పెట్టండి, మీ టపాను మేం ట్విట్టర్లో చాటుతాం అన్నది ఆ ఒప్పందం. పైకం చేతులు మారలేదు, అయినా సాక్ష్యం అమ్ముడుపోయింది. సంగతి బయటపడిన కొద్ది రోజులకే, క్రిస్మస్ నాడు, గూగుల్ ఆ సైటును అడుగుకు తోసింది. సొంత పేరుతో వెతికినా మొదటి పుటలో కనబడని స్థితి. ఆ లంకెలను పీకించుకుని, క్షమాపణ చెప్పుకుని పైకి రావడానికి 10 రోజులు పట్టింది.

ఈ రెండు కథల మధ్యలో, 2012 ఏప్రిల్ 24న, గూగుల్ "పెంగ్విన్" అనే మార్పు తెచ్చింది. ఇంగ్లీషు శోధనల్లో సుమారు నూటికి మూడింటిపై దాని ప్రభావం ఉంటుందని ఆ సంస్థే ప్రకటించింది. కొన్న లంకెలతో పైకెక్కిన సైట్లు కుప్పకూలాయి. నిన్నటిదాకా డబ్బిచ్చి లంకెలు పెట్టించుకున్నవారు, అవి తీసేయమని మళ్లీ డబ్బిచ్చి బతిమాలవలసి వచ్చింది. ఎరువు సొమ్ము బరువు చేటు, తియ్యాపెట్టా తీపుల చేటు అని మన పెద్దలు చెప్పింది అక్షరాలా జరిగింది. ఫలానా లంకెలతో మాకు సంబంధం లేదని గూగుల్‌కు తెలుపుకునే పరికరం ఆ ఏడు అక్టోబరులో వచ్చింది.

2016 సెప్టెంబరు నాటికి పెంగ్విన్ నిత్యం నడిచే లెక్కల్లో కలిసిపోయింది. అప్పటినుంచి దాని ధోరణి కూడా మారింది. సైటును మొత్తంగా కిందికి తోయడం తగ్గింది, దొంగ లంకె విలువను సున్నా చేయడం పెరిగింది. 2022 డిసెంబరు నుంచి కొన్న లంకెలనూ అమ్మే సైట్లనూ పసిగట్టే పనికి స్పామ్‌బ్రెయిన్ అనే నేర్చుకునే యంత్రాన్ని పెట్టారు. మనుషులు పరిశీలించి వేసే శిక్షలు ఇప్పటికీ ఉన్నాయి. కాని ఎక్కువసార్లు జరిగేది చప్పుడు లేని నష్టం. లంకె కొన్నవాడికి శిక్ష పడదు, ఫలితమూ ఉండదు. తన డబ్బు ఎక్కడ ఇంకిపోయిందో తెలియక మరో వంద లంకెలు కొంటాడు. అమ్మినవాడు మాత్రం సుఖంగానే ఉంటాడు.

ఇక్కడ రెండు విషయాలు విడిగా చెప్పాలి. మొదటిది, ప్రకటన ఇచ్చుకోవడం తప్పు కాదు. డబ్బు తీసుకున్న లంకెకు ఆ సంగతి తెలిపే "స్పాన్సర్డ్" గుర్తు 2019లో వచ్చింది, అది పెడితే ఎవరికీ పేచీ లేదు. డబ్బు తీసుకుని, ఇష్టం కొద్దీ ఇచ్చినట్టు నటించడమే మోసం. రెండోది, మన పక్కపట్టీల్లో మిత్రుల సైట్ల జాబితా పెట్టుకోవడం ఇచ్చిపుచ్చుకునే వ్యాపారం అవుతుందా అని కొందరి అనుమానం. మీరు నిజంగా చదివే సైట్లయితే కానే కాదు. చదవని పాతిక సైట్లు అక్కడ ఉంటే మాత్రం అది జాబితా కాదు, మొహమాటం.

ఉచితంగా దొరికే మూసలు వాడేవారికి మరో హెచ్చరిక. కొన్ని మూసల అడుగు భాగంలో మనకు తెలియకుండానే ఎవరెవరికో లంకెలు దాగి ఉంటాయి. అంటే మన పేరు మీద మరొకడు సాక్ష్యమిస్తున్నాడన్నమాట. ఒకసారి మూస లోపల వెతికి చూసుకోండి.

ఇంతవరకు చెప్పినదాన్ని చాలామంది ఒప్పుకుంటారు. ఆ తర్వాతే నాకూ వారిలో కొందరికీ భేదం వస్తుంది. "రాసుకుంటూ పోవడమే మన పని, మంచి రాతకు లంకెలు అవే వస్తాయి" అన్నది వారి వాదం. వినడానికి ఇంపుగా ఉంటుంది గాని సగమే నిజం. ఇప్పటికే పేరున్న పుట అందరి కంటా పడుతుంది, కంటపడినందుకు మరిన్ని లంకెలు వస్తాయి, మరింత పైకి పోతుంది. ఎవరి కంటా పడని పుటకు లంకె ఎలా వస్తుంది? పైగా శోధన యంత్రం కొత్త పుటలను కనుక్కునేదే చాలావరకు లంకెల వెంట నడిచి. ఏ లంకే లేని పుట దారి లేని ఊరు. ఇక ర్యాంకుల లెక్కలో లంకెల ప్రాధాన్యాన్ని జనం ఎక్కువగా ఊహించుకుంటున్నారని, మొదటి మూడు అంశాల్లో అవి చాలాకాలంగా లేవని 2023లో గూగుల్‌కు చెందిన గ్యారీ ఇల్యెష్ చెప్పాడు. అలాగే కానివ్వండి. దారి వేయడమనే మొదటి పని మాత్రం లంకెదే.

కనుక చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. నిజాయితీగా చేయదగిన పని చాలా ఉంది. అన్నిటికంటే ముందు, ఇతరులకు ఆధారంగా పనికివచ్చే పుట ఒకటి తయారుచేయాలి. అభిప్రాయ వ్యాసం చదివినవారు మెచ్చుకుని వెళ్లిపోతారు. మగ్గం పనిలో వాడే మాటల పట్టిక, మీ ఊరి శాసనం పాఠం, ఒక పాత పత్రిక సంచికల సూచిక, మీ ప్రాంతపు పండుగ జరిపే తీరు మొదలైనవి రాస్తే, ఆ విషయం మీద రాయబోయే ప్రతివాడూ అక్కడికి రావలసి వస్తుంది. వచ్చినవాడు "ఇత్యమరః" అనక తప్పదు.

రెండోది, మన ఇంటిలోని గదుల మధ్య దారులు. పదేళ్ల కింద రాసిన టపాకు ఇవాళ్టి టపా నుంచి లంకె ఇవ్వడం మన చేతిలోని పని, ఎవరినీ అడగనక్కరలేదు. లంకె తగిలించే మాట కూడా చూసుకోవాలి. "ఇక్కడ నొక్కండి" అన్న మాట పాఠకుడికీ యంత్రానికీ ఏమీ చెప్పదు. "కొండపల్లి బొమ్మలకు వాడే పొణుకు కర్ర" అన్న మాట మీద లంకె ఉంటే అవతల ఏముందో ఇద్దరికీ తెలుస్తుంది.

మూడోది, చిరునామా. పుట చిరునామాలో తెలుగు అక్షరాలుంటే, దాన్ని నకలు తీసి ఉత్తరంలో అతికించినప్పుడు ఒక్కొక్క గుర్తూ శాతం గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తులుగా మారడం మీరు చూసే ఉంటారు. "తెలుగు" అన్న మూడక్షరాల మాటలో అచ్చు గుర్తులతో కలిపి ఆరు యూనికోడు గుర్తులున్నాయి, అంటే 54 గుర్తుల చాంతాడు. అలాంటి చిరునామా మధ్యలో తెగిపోతుంది, లేదా చూసినవాడు అదేదో వైరస్ అని భయపడతాడు. బ్లాగర్ వంటి చోట్ల తెలుగు శీర్షిక పెడితే చిరునామాలో పేరుకు బదులు ఒక అంకె మిగులుతుంది. ప్రచురించేముందే రోమను లిపిలో చిన్న పేరు పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. ఒకసారి పెట్టిన చిరునామా మళ్లీ మార్చకూడదు. మారిస్తే మనకు సాక్ష్యమిచ్చినవాళ్లందరినీ అబద్ధాలకోరుల్ని చేసినట్టే.

నాలుగోది, అడగడం. దీన్ని నామోషీగా భావించేవారున్నారు. మీరు రాసిన విషయం మీదే మరొకరు రాశారు, వారు ఇచ్చిన లంకె తెగిపోయి ఉంది, మీ పుట ఆ లోటు తీరుస్తుంది అనుకోండి. ఆ సంగతి తెలుపుతూ వారికి ఒక ఉత్తరం రాయడంలో తప్పు లేదు. ఒక మనిషికి ఒక కారణంతో రాసిన ఉత్తరం అభ్యర్థన. అదే ఉత్తరాన్ని వెయ్యిమందికి పంపితే, మొదట చెప్పిన వంద లంకెల వ్యాపారికీ మనకూ తేడా ఉండదు.

వికీపీడియా సంగతి కూడా ఒక మాట. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాకు ఆధారాల కొరత నేటికీ ఉంది. అక్కడ సొంత సైటు లంకెలు నాటి రావడం ధర్మం కాదు. వ్యాసం పెంచడానికి కూర్చుని, పుస్తకాల ఆధారాలు చేర్చండి. మీ పుట నిజంగా ఆధారమైతే చర్చాపుటలో ప్రతిపాదించి, నిర్ణయం ఇతరులకు వదిలేయండి.

ఇక నేను మొదట చెప్పిన రెండో తప్పు. మనవాళ్ల వ్యాసాలు తీసి చూడండి. "ఎక్కడో చదివాను", "ఒక మిత్రుడు రాసినట్టు", "అంతర్జాలంలో దొరికిన సమాచారం ప్రకారం" అన్న మాటలు కోకొల్లలు. ఎక్కడ చదివారు? ఆ మిత్రుడెవరు? చిరునామా తెలిసి కూడా ఇవ్వరు. కొందరికి బద్ధకం. కొందరికి లంకె ఇస్తే తమ పాఠకుడు అటే వెళ్లిపోతాడన్న భయం. మరికొందరు బయటికి లంకెలిస్తే తమ పుట బలం కారిపోతుందని ఎక్కడో విని, ప్రతి లంకెకూ నోఫాలో తాళం వేసుకున్నారు. పక్కవాడి వ్యాసం నుంచి రెండు పేరాలు తీసుకోవడానికి లేని సంకోచం, అతని పుటకు లంకె ఇవ్వడానికి ఎందుకు?

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినుల కాలంలో ఒక కొత్త రచయిత నలుగురి కంటా పడడానికి ఒక చోటంటూ ఉండేది. ఆ తర్వాత సంభాషణ సామాజిక మాధ్యమాల గోడల మీదికి వెళ్లిపోయింది. అక్కడ రాసింది వారం తిరిగేసరికి రాసినవారికే దొరకదు. ఇప్పుడు యంత్రాలే గంటకు వేల పుటలు రాసి పోస్తున్నాయి. విలువ లేని పుటలను కుప్పలుగా పుట్టించడాన్ని అరికట్టడానికి 2024 మార్చిలో గూగుల్ కొత్త నియమాలు తేవలసి వచ్చింది. అంత రద్దీలో ఒక పల్లె చరిత్ర మీదో ఒక మరుగునపడిన కవి మీదో ఇరవయ్యేళ్ల కింద ఒకరు శ్రద్ధగా రాసిన పుట ఉందని ఎవరు చెప్పాలి? చదివి, నచ్చి, ఇది నిజమైన పని అని గుర్తించిన మనిషి చెప్పాలి. ఆ మనిషి చెప్పే మార్గం లంకె. మనం ఇవ్వకపోతే ఆ పుట ఉన్నా లేనట్టే. రేపు ఒక విద్యార్థి తెలుగులో వెతికితే అతనికి దొరికేది నకలుకు నకలు.

కొనడానికీ ఇవ్వడానికీ కలిపి ఒకే కొలబద్ద చాలునని నా అభిప్రాయం. గూగుల్ కూడా తన పాత మార్గదర్శకాల్లో దాన్నే చెప్పింది. శోధన యంత్రమే లేకపోతే నేను ఈ పని చేసేవాణ్ణా? పెన్నీకి బల్గేరియా సైటులో లంకె ఈ ప్రశ్న ముందు నిలవదు. మిత్రుడి వ్యాసానికి మీరిచ్చే లంకె నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని మీరు పాఠకుడి కోసం ఇస్తున్నారు.

మీ తర్వాతి టపాలో, మీరు ఎవరి దగ్గర ఏ కొంచెం నేర్చుకున్నా, వారి పుటకు పేరు చెప్పి లంకె ఇవ్వండి. పాత టపాలు తిరగేసి తెగిపోయిన లంకెలు సరిచేయండి. ఇందులో ఖర్చు లేదు, ఒక సాయంత్రం చాలు. ఈ వాదంతో విభేదించేవారు, ముఖ్యంగా లంకెలు కొని లాభపడ్డామనేవారు, తమ అనుభవం వ్యాఖ్యల్లో రాస్తే చర్చ సాగిద్దాం.